సముద్రమట్టం వెతుక్కుంటూ బెంగళూరుకు

మా ఆఫీసరు గారి గృహప్రవేశానికి ముహూర్తం కుదరడం వల్ల నేను అంతర్జాతీయ స్థాయికి ఎదిగాను. బెంగళూరులో మూడు రోజుల సమావేశం. పద్దెనిమిది దేశాల నుంచి పటాలు గీసేవాళ్ళు, ఉపగ్రహాలవాళ్ళు, సర్వేవాళ్ళు వస్తారు. ఒక దేశం దగ్గరున్న భూమి కొలతలూ ఎత్తులూ నీటి లెక్కలూ ఇంకో దేశంతో ఎలా పంచుకోవాలో, పంచుకున్నాక తప్పు దొర్లితే ఎవరు జవాబు చెప్పాలో మాట్లాడుకుంటారు. పిలుపు ఆఫీసరు గారికే వచ్చింది. ఆయన ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "నువ్వెళ్ళి రా చంద్రా, భోజనాలు బాగుంటాయంట" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా సర్వే ఆఫీసులో పటాలు గీస్తున్నవాణ్ణి, మొదటి సగం సిరాతో, రెండో సగం కంప్యూటరుతో. భోజనం బాగుంటుందన్న చోటికి నన్ను పంపడం అదే మొదటిసారి.

నేను వెళ్ళింది భోజనం కోసం కాదు. అంటే, కేవలం భోజనం కోసం కాదు. మా ఊరికి దక్షిణాన వంక ఒడ్డున ఒక కాలనీ ఉంది. ఆ వంక కర్ణాటకలో పుట్టి, అక్కడి ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు తెచ్చి మా కాలనీలో పోస్తుంది. పోయిన అక్టోబరులో ఆ చెరువు అలుగు పారిందని మాకెవరూ చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి నీళ్ళే వచ్చి చెప్పాయి. అంగన్‌వాడీ టీచరు షమీమ్ పదిహేడుమంది పిల్లల్ని పక్కింటి మిద్దె మీదికి ఎక్కించి నాలుగు గంటలు అక్కడే కూర్చోబెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. అందులో మా ఆఫీసు గొప్పతనం రవ్వంత కూడా లేదు. అప్పటి నుంచి ఆమె నెలకోసారి మా ఆఫీసుకు వచ్చి ఒకే మాట అడుగుతుంది. "గంట ముందు చెప్పండి సార్. ఒక్క గంట చాలు." ఇప్పుడు మళ్ళీ వానలు మొదలయ్యాయి.

గంట ముందు చెప్పాలంటే రెండు అంకెలు కావాలి. ఆ చెరువు అలుగు ఎంత ఎత్తున ఉంది, ఈ రోజు నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయి. ఆ లెక్కలు చూసే ఆఫీసు బెంగళూరులో ఉంది. వరదకు ఏడాది ముందే మేము వాళ్ళకు ఉత్తరం రాశాం. అలుగు ఎత్తు తొంభై తొమ్మిది మీటర్ల నలభై సెంటీమీటర్లు అని జవాబు వచ్చింది. మా ఊరు సముద్రమట్టానికి ఆరు వందల ఇరవై మీటర్ల పైన ఉంది. ఇంత మంచి అవకాశం వస్తే ఊరుకునే రకం కాదు నేను. ఇంగ్లీషులో జవాబు రాశాను. దాని సారాంశం ఇది: "తమరి చెరువు సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉన్నదని తెలిసి సంతోషించాము. మా ఊరు అంతకంటే అయిదు వందల మీటర్లు ఎత్తున ఉన్నది. తమరి నీరు కొండెక్కి మా ఊరికి రాగలిగిన రోజున దయచేసి కబురు చేయగలరు, సకుటుంబంగా వచ్చి చూస్తాము. ఈలోగా అంకెలు సరిచూసి పంపగలరు." ఆఫీసరు గారు ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టాడు. మా ఆఫీసంతా రెండు రోజులు నవ్వుకుంది. పక్క ఆఫీసు వాళ్ళు నకలు అడిగి తీసుకెళ్ళారు.

ఆ తర్వాత బెంగళూరు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడు రిమైండర్లు పంపాం. నాలుగోది నా సంచిలో ఉంది. సమావేశానికి వచ్చేవాళ్ళ జాబితాలో ఆ ఆఫీసు పేరు కనబడింది. వచ్చినవాడెవడో పట్టుకుని, ప్లేటు చేతిలో ఉండగానే నిలదీసి, సరైన అంకెలు తేవాలని బయల్దేరాను.

బుధవారం పొద్దున ఆరున్నరకు హిందూపురం స్టేషన్లో రైలెక్కాను. జనరల్ బోగీలోనే కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా పట్టుగూళ్ళ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"మ్యాపులు పంచుకునేదానికి మీటింగా? అన్నీ ఫోనులో ఉండాయి గదా."

"ఫోనులో ఉన్నది తప్పైతే ఎవరు దిద్దాలో తేల్చడానికి."

ఆయన ఒళ్ళో గుడ్డసంచి సర్దుకున్నాడు. "మా ఇంటి దోవ ఫోనులో చెరువు మధ్యలోంచి చూపిస్తాది. పెండ్లి చూపులోళ్ళు రెండుతూర్లు యెనక్కి పోయినారు. మీ మీటింగులో చెప్పు." చెప్తానన్నాను. పద్దెనిమిది దేశాల ముందు పెట్టడానికి నా దగ్గరున్న అంశాల్లో అదే కాస్త సూటిగా ఉన్నది.

గౌరిబిదనూరులో వడలు ఎక్కాయి, దొడ్డబళ్ళాపురంలో జనం ఎక్కారు. తొమ్మిదింపావుకు మెజెస్టిక్‌లో దిగి, స్టేషన్ బయట నిలబడి రెండు ఇడ్లీ, ఒక వడ తిని, ఊదారంగు లైను మెట్రో పట్టుకున్నాను. కుందలహళ్ళి దాకా దాదాపు గంట. టికెట్టు డెబ్బైకి అటూ ఇటూ. మీలో ఎవరైనా వెళితే ఆఫీసుల వేళ మాత్రం వెళ్ళకండి. నా సంచి ఒక స్టేషన్లో, నేను ఇంకో స్టేషన్లో దిగాల్సి వచ్చేది. పోస్టులో ముందే వచ్చిన సమావేశం చీటీ మెడలో వేసుకుని ఉన్నందుకు పక్కనున్న కుర్రాడు, నరసరావుపేట నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడట, నన్ను పలకరించాడు.

"అంకుల్, జియోస్పేషియల్ అంటే లొకేషన్ డేటానే కదా. మా కంపెనీ దగ్గర బోల్డంత ఉంది. మీకేం కావాలి?"

"చెరువు అలుగు ఎత్తు."

"అలాంటివి ఉండవంకుల్. జనం పిజ్జా ఎక్కడ తింటున్నారో అయితే మీటర్‌తో సహా చెప్తాం."

హోటలు కుందలహళ్ళికీ బ్రూక్‌ఫీల్డ్‌కీ మధ్యలో ఉంది. నిర్వాహకులు ఫోనుకు పంపిన గుర్తు పట్టుకుని స్టేషన్ నుంచి నడిచాను. పదిహేను నిమిషాల తర్వాత ఆ గుర్తు నన్ను ఒక అపార్టుమెంటు వెనకగేటు ముందు నిలబెట్టి, చేరుకున్నారు అని ప్రకటించింది. అక్కడ నాలాగే చీటీలు వేసుకున్న వాళ్ళు మరో ఆరుగురు ఉన్నారు. ఇద్దరు తెల్లవాళ్ళు, ఒక జపాను ఆయన, మిగతావాళ్ళు మనవాళ్ళే. ప్రపంచ పటాలు చూసే ఏడుగురం ఒక చెత్తకుండీ చుట్టూ నిలబడి ఫోన్లు అటూ ఇటూ తిప్పుతున్నాం. గేటుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. కన్నడం, ఇంగ్లీషు, హిందీల్లో 'హోటల్ ఇక్కడ లేదు' అని రాసి ఉంది. కాపలా కుర్చీలో ఉన్నాయన శ్రీకాకుళం మనిషి. నా ఫోను మాటలు విని తెలుగులోకి దిగాడు.

"గోడవతల ఉంది బాబూ హోటలు. ఈ ఫోన్లు గోడని చూడవు. రెండేళ్ళ నుంచి రోజుకి పదిమంది వస్తారు. మీరేం పని మీద బాబూ?"

నేను చెప్పలేదు. పరువు గల ఆఫీసు మాది. ఏడుగురం వరసగా గోడ చుట్టూ తిరిగి హోటలుకు చేరేసరికి పదకొండయింది.

ఆ రోజు సమావేశం గురించి ఎక్కువ రాయను. అందరూ పంచుకోవాలన్నారు. ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కి, పంచుకోవడం ఎంత ముఖ్యమో తెరమీద చూపించారు. ప్రతి తెర కిందా 'ఫోటోలు తీయరాదు' అని ఉంది. మొదటి పూటంతా వైఫై పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తేలలేదు. ఒక నది పైనున్న దేశం, కిందున్న దేశం పక్కపక్కన కూర్చుని, ఒకరి ఉపన్యాసానికి ఒకరు చప్పట్లు కొట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కాఫీ తాగారు. నేను మాత్రం చప్పట్లు కొడుతూ జనం మెడల్లోని చీటీలు చదువుతున్నాను. ఆ బెంగళూరు ఆఫీసు మనిషి కనబడలేదు. భోజనం ఆఫీసరు గారు చెప్పినట్టే ఉంది. మష్రూమ్ బిరియాని, మూడు రకాల తియ్యటివి. నిలదీయడానికి మనిషి లేకపోవడంతో నేను రెండోసారి వడ్డించుకున్నాను.

కుందలహళ్ళి గేటు దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. గది చిన్నది, బకెట్టు పెద్దది. కింద నెల్లూరు దంపతులు నడిపే మెస్సులో పప్పు, గోంగూర, అడిగినంత అన్నం. ఈ సదుపాయం ఉన్నందుకు లాడ్జి తలుపు గడియ పడకపోయినా క్షమించవచ్చు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి సభ, సరిహద్దులు దాటే నీళ్ళ మీద. వెనక వరసలో కూర్చున్నాను. పక్క కుర్చీలోకి ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. అరవైకి దగ్గర పడ్డ వయసు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను ఫోనులో మా ఇంటావిడతో మాట్లాడటం విని నవ్వాడు.

"మీదే ఊరప్పా?"

చెప్పాను. ఆయన నా చీటీ వంక ఒకసారి చూసి, తల పంకించాడు.

"మాది ఈ ఊరే. చిక్కపేట. మా ముత్తాత నేతపని మీద వచ్చిండాడు. ఇంట్లో తెలుగే మాట్లాడేది. నంజుండప్ప అంటారు నన్ను."

ఆయన చీటీ మీద ఆఫీసు పేరు చదివాను. నేను వెతుకుతున్న ఆఫీసు. రెండేళ్ళుగా ఇంగ్లీషులో 'తమరి ఘనమైన కార్యాలయానికి' అని రాసుకుంటూ వచ్చింది ఇద్దరు తెలుగువాళ్ళమని అప్పుడు తెలిసింది. భోజనాల దాకా ఆగుదాం, ప్లేటు చేతిలోకి రానీ, అనుకున్నాను.

వేదిక మీదికి ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక అధికారిణి ఎక్కింది. పేరు వాంజిరు. గట్టి గొంతు, తెరమీద ఒక్క బొమ్మ కూడా లేదు. వాళ్ళ దేశానికీ పొరుగు దేశానికీ మధ్య ఒక సరస్సు ఉందట. నీటి మట్టం ఎంతని అడిగితే రెండు దేశాలూ రెండు అంకెలు చెప్పేవట, మీటరు తేడాతో. "పదేళ్ళు మేము వాళ్ళను దొంగలన్నాం, వాళ్ళు మమ్మల్ని అబద్ధాలకోరులన్నారు. చివరికి తేలిందేమిటంటే, వాళ్ళు వాళ్ళ రేవు గోడ మీది గీత నుంచి కొలుస్తున్నారు, మేము మా రేవు గోడ మీది గీత నుంచి కొలుస్తున్నాం. అంకెలైతే పంచుకున్నాం గానీ, ఎక్కడి నుంచి కొలిచామో పంచుకోలేదు."

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పక్కన నంజుండప్ప నవ్వలేదు.

పదకొండింటికి టీ విరామంలో ఆయన నన్ను కిటికీ దగ్గరకు పిలిచి ఫోను తీశాడు. "ఆ అమ్మ చెప్పింది విన్యావు కదా. మాకూ అట్లే అయిండాది. ఈ ఉత్తరం చూడప్పా. రెండేండ్లు కావస్తా ఉండాది, మీ దిక్కు నుంచే వచ్చిండాది."

తెరమీద నా ఉత్తరం ఉంది. 'సకుటుంబంగా వచ్చి చూస్తాము' అన్న చోట ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు.

"చెరువు ఎత్తు అడిగిండారు. పంపిస్తిమి. తూము పక్కన ఒక రాయి ఉండాది. దాన్ని నూరు మీటర్లు అనుకొని, మా నాయన కాలం నుంచీ అక్కడినుంచే కొలుస్తా ఉండాము. రాయి నూరు, అలుగు తొంభై తొమ్మిదీ నలభై. అంతే లెక్క. సముద్రం యాడుండాది అప్పా బెంగళూరులో, పోయి కొలిచేదానికి?"

నా చేతిలో టీ కప్పు ఉంది. తాగానో లేదో గుర్తులేదు.

సర్వే పని తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వృత్తిలో ఇది పాత అలవాటు. సముద్రమట్టం నుంచి ఎత్తు తెచ్చుకునే తీరిక లేనప్పుడు కదలని రాయి ఒకటి చూసుకుంటాం. ఏ గుడి మెట్టో, ఏ వంతెన మొదలో అయినా సరే. దాని ఎత్తు వంద అనేసుకుని, మిగతావన్నీ దాన్నుంచి పైకీ కిందికీ కొలుస్తాం. కొలిచేవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తొంభై తొమ్మిది అని కనబడితే, ఓహో, రాయిని వంద అనుకున్నాడన్నమాట అని వెంటనే తట్టాలి. సిరాతో గీసిన ఆ పదిహేనేళ్ళలో నేనే ఎన్నో కాలువలకు అలాగే వంద అని రాసుకున్నాను. కంప్యూటరు వచ్చాక నా దగ్గర ప్రతి అంకె సముద్రం నుంచే వస్తోంది కనుక, ప్రపంచమంతా అక్కడి నుంచే వస్తోందనుకున్నాను. పొరుగువాడికి కొలవడం రాదని నమ్మడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అందులో ఎంత హాయి ఉందో కూడా చెప్పాలి, అబద్ధం ఎందుకు.

"రాయి సంగతి ఉత్తరంలో రాయలేదా అన్నా?" అన్నాను ఎలాగో.

"రాయలేదు. అది మా తప్పే. కొలిచేవాళ్ళకు కొలత చెప్పల్నా అనుకొంటిమి." ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఈ జవాబు వచ్చినాక మా సాహేబ్రు నన్ను పిలిచె. పక్క రాష్ట్రం ముందర మానం తీస్తివి కదయ్యా అనె. సెక్షన్లో అందరి ముందర నా చేతనే చదివించె. నిలుచుకొని చదివితి. అందరూ నగిరి."

ఎవరో తలపొగరు మనిషి రాసి ఉంటాడన్నాను.

"తెలివైనోడే అప్పా. ఇంగ్లీషు బాగుండాది."

పోయిన అక్టోబరు సంగతి, కాలనీ సంగతి, షమీమ్ సంగతి ఆయనకు చెప్పాను. మిద్దె మీద పిల్లలనేసరికి ఆయన ముఖం మారిపోయింది. ఏ తేదీ అని అడిగాడు. చెప్పాను. మళ్ళీ ఫోను తీసి, వాళ్ళ ఆఫీసు వెబ్‌సైటు తెరిచాడు. ఆ చెరువు నీటి మట్టం రోజూ పొద్దున ఎనిమిదింటికి అందులో పెడతారట, ఎవరైనా చూడొచ్చట. ఆ రోజు వరుస మీద వేలు పెట్టి నాకు చూపించాడు. తొంభై తొమ్మిదీ ముప్పై అయిదు.

అంటే పొద్దున ఎనిమిదింటికే అలుగు పారడానికి అయిదు సెంటీమీటర్లు మిగిలింది. మూడింటికి మా కాలనీలోకి నీళ్ళు వచ్చాయి. షమీమ్ అడిగింది ఒక్క గంట. లోకంలో ఫోను ఉన్నవాడెవడైనా చదువుకునేలా ఏడు గంటలు ముందే అక్కడ రాసిపెట్టి ఉంది. సముద్రంతో పనే లేదు. రాయిని నమ్మి ఉంటే చాలు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో ఏమేం పెట్టారో రాయలేను. మీరు నన్ను నమ్మకపోవచ్చు గానీ నిజంగా గమనించలేదు. నంజుండప్ప ఎదురుగా కూర్చుని పెరుగన్నం తిన్నాడు. ఆ ఉత్తరం రాసింది నేనేనని చెప్పడానికి నోరు మూడుసార్లు తెరిచి, మూడుసార్లూ అప్పడం పెట్టుకున్నాను. చివరికి, "ఆ రాయి ఇంకా అక్కడే ఉందా అన్నా?" అన్నాను. చెరువు గట్టు బాగుచేయిస్తున్నామని మట్టి పోసి పూడ్చేసిన రాళ్ళను నేను చాలా చూశాను. రాయి కదిలి ఉంటే ఈ అంకెలన్నీ వృథా.

"నేను పోయి రెండేండ్లాయె. పోయి చూస్తామా? నీకు దోవలోనే కదా."

మూడో రోజు సమావేశంలో పద్దెనిమిది దేశాలూ కలిసి ఒక ప్రకటన చేస్తాయి. దాన్ని ఆమోదించేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా బదులు నా కుర్చీ ఆమోదిస్తుందిలే అనుకుని, శుక్రవారం పొద్దున లాడ్జి ఖాళీ చేసి ఆరున్నరకల్లా మెట్రో ఎక్కాను.

ఎనిమిదిన్నర రైలుకు నంజుండప్ప ఎత్తులు కొలిచే లెవెల్ పెట్టె భుజాన వేసుకుని, టిఫిను క్యారియరుతో వచ్చాడు. ఇంటి నుంచి చిత్రాన్నం తెచ్చాడు. యలహంక దాటాక ఇద్దరం తిన్నాం. దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళింట్లో తెలుగు ఎలా అరిగిపోతోందో చెప్పాడు. మనవరాలు తెలుగులో అడిగితే కన్నడంలో జవాబిచ్చి ఇంగ్లీషులో అలుగుతుందని చెప్పి నవ్వాడు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో ఇంత తక్కువ మాట్లాడిన రైలు ప్రయాణం నాకు ఇంకోటి లేదు.

గౌరిబిదనూరులో దిగి, ఆటోలో పదకొండున్నరకు చెరువు చేరాం. నీళ్ళు సగానికి పైగా ఉన్నాయి. తూము పక్కన రాయి ఉంది. పూడిపోలేదు. ఊరి ఆడవాళ్ళు దాని మీద బట్టలు ఉతుకుతున్నారు. మేము వెళ్ళేసరికి ఒకావిడ దుప్పటి బాదుతోంది. నంజుండప్ప ఆమెను కన్నడంలో బతిమాలి లేపి, రాయిని చేత్తో తుడిచి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు.

"ఒక మూల అరిగిండాది. రెండు మిల్లీమీటర్లు పోయింటాది," అన్నాడు దిగులుగా.

లెవెల్ నిలబెట్టి, రాయి మీది నుంచి అలుగు దాకా మూడుసార్లు కొలిచాం. ఆయన అద్దంలోంచి చూశాడు, నేను కొలబద్ద పట్టుకున్నాను. తొంభై తొమ్మిదీ నలభై. మూడుసార్లూ అంతే. నేను కొలబద్దతో అలుగు మీద నిలబడ్డ చోటి నుంచి వంక కనబడుతోంది, సన్నగా, వంకర తిరుగుతూ ఉత్తరానికి, మా ఊరి వైపు.

కొలబద్ద కింద పెట్టి వచ్చి, "అన్నా, ఆ ఉత్తరం రాసింది నేనే" అన్నాను.

ఆయన లెవెల్‌ను పెట్టెలో సర్దుతూ తలెత్తలేదు. "తెలుసప్పా. నీ మెడలో చీటీ ఉండాది కదా. ఆఫీసు పేరు దాంట్లోనే ఉండాది. ఎవరో తలపొగరు మనిషని నువ్వంటివే, అప్పుడు నీ ముఖమే చెప్పె."

"మరి నిన్ననే ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు తప్పాయెనంటావు, నేను పర్వాలేదంటాను. అంతటితో ముగిసిపోతాది. నువ్వుగా చెప్తావేమో అని చూస్తి." పెట్టె మూత వేసి, దాని మీదే కూర్చున్నాడు. "నేనూ ఒకటి చెప్పల్ల. మీ రిమైండర్లు మూడూ అందినాయి. నా సొరుగులోనే ఉండాయి. కోపానికి వేస్తి. ఆ పక్క పిల్లోళ్ళు ఉండారని నాకు తెలీదప్పా. తెలిసింటే వేసింటానా?"

ఆడవాళ్ళు మేము ఎప్పుడు లేస్తామా అని చూస్తున్నారు. నంజుండప్ప ఒక కాగితం తీసి తన ఫోను నెంబరు, చెరువు నీటి మట్టం చదివే నీరుగంటి నెంబరు రాసిచ్చాడు. తొంభై ఎనిమిదీ తొంభై దాటితే, ఎనిమిది గంటల కోసం ఆగకుండా గంట గంటకూ చదివించి చెప్తానన్నాడు. నేను నాలుగో రిమైండరు తీసి ఇవ్వబోతే వద్దన్నాడు. "ఫైలు దాని దోవలో అది రానీ. నువ్వు ఫోను చెయ్యి."

మధ్యాహ్నం గౌరిబిదనూరులో ఆయన బెంగళూరు వైపు, నేను హిందూపురం వైపు రైలెక్కాం. అదే వేళకు ఆ హోటల్లో పద్దెనిమిది దేశాలు ఫోటో దిగుతూ ఉంటాయి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. కుందలహళ్ళిలో మెస్సు బాగుంది, ఫోను చెప్పిన గేటును నమ్మకండి, మెట్రోకు తొందరగా వెళ్ళండి. సమావేశం మీద నేను వేసిన వెక్కిరింతలు కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. దేశాలు పదేళ్ళపాటు ఒకదాన్నొకటి దొంగలనుకున్నాయని వాంజిరు చెబితే నవ్వాను గానీ, ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న చెరువును నమ్మలేకపోయినవాణ్ణి నేను. సిగ్గేసింది. రైలు దిగేదాకా ఆ సిగ్గు అలాగే ఉంది.

హిందూపురంలో దిగాక షమీమ్‌కు ఫోను చేసి చెప్పేద్దామా అనుకున్నాను. అది పిరికితనం అనిపించి, ఇంటికి పోకుండా కాలనీ దాకా బస్సులో వెళ్ళాను. మూడున్నర దాటింది. అంగన్‌వాడీలో పిల్లలు గుడ్లు తినేసి, ఇళ్ళవాళ్ళ కోసం చూస్తున్నారు. షమీమ్ చిన్న కుర్చీ ఒకటి చూపించి కూర్చోమంది. కూర్చుని ఉత్తరం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. పొద్దున ఎనిమిదింటి అంకె సంగతి కూడా చెప్పాను.

ఆమె వింటూ ఒక పిల్ల జడ అల్లడం ముగించింది.

"నవ్వుకుంటా రాసినారా సార్ దాన్ని?"

"అవునమ్మా."

"పిల్లోళ్ళు కూడా ముందు నవ్వినారు సార్. మిద్దె ఎక్కిస్తాంటే ఆట అనుకున్యారు."

ఆమె లేచి సుద్దముక్క తీసుకుంది. "ఎంత ఉంటే ఇండ్లకు పంపేయల్ల?"

తొంభై ఎనిమిదీ తొంభై అని చెప్పి, రాయి నుంచి కొలవడం ఎలాగో కూడా చెప్పాను. పలక మీద ముందు రాయి బొమ్మ గీసి వంద అని రాసుకుంది, దాని కింద అలుగు, దాని కింద నేను చెప్పిన అంకె. నేను ఉత్తరంలో అడగాల్సినవన్నీ ఆమె నన్ను వరసగా అడిగింది. పొద్దున ఎవరు చూస్తారు, ఎవరు ఫోను చేస్తారు, ఆదివారం ఎవరు చేస్తారు. నేనే చేస్తాను, ఆదివారం కూడా నేనే, అన్నాను.

"కాగితం మీద రాసియ్యండి సార్," అంది.

ఆ చిన్న కుర్చీలో కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, వానాకాలం ముగిసేదాకా రోజూ పొద్దున ఎనిమిదిన్నరలోపు చెరువు మట్టం చెప్పే బాధ్యత నాదని తెలుగులో రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చాను. ముప్పై ఏళ్ళలో నేను రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. నా పేరుతో నేను సంతకం పెట్టింది అదొక్కటే.